నలభయ్యో రోజు పళ్లెం

నేను ఆ గదిలో అడుగు పెట్టేసరికి పన్నెండూ ముప్పై అయిదు. పళ్లెంలో చక్కెర ఇంకా పొడిగానే ఉంది.

గదిలో ఉన్న మిగతావాళ్ల కళ్లు సిలువ మీదా, దాని పక్కనున్న అక్షరాల మీదా ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టలేను. కోలివా పళ్లెం ఉండవలసిన చోటు చర్చి. చనిపోయినవాళ్ల పేర గోధుమలు ఉడికించి, ప్రార్థన చేయించి, వచ్చినవాళ్లకు తలా గుప్పెడు పంచుతాం. అలాంటి పళ్లెం మేకప్ బల్ల మీద, లిప్‌స్టిక్కుల మధ్య, చుట్టూ బల్బులున్న అద్దం ముందు ఉంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. అద్దంలో ఇంకో పళ్లెం కనబడుతోంది. తెల్లటి చక్కెర మీద వెండి రంగు మిఠాయి గుండ్లతో సిలువ. అటు ఒక అక్షరం, ఇటు ఒక అక్షరం. అ. రూ. నడుమ ఆరిపోయిన సన్నటి మైనపు కొవ్వొత్తి.

ఆ గది అసిమీనా రూసూది. పందొమ్మిదేళ్ల పిల్ల. ఆ రాత్రి తొమ్మిదింటికి ‘బంగారు గొంతు’ పోటీ ఆఖరి ప్రసారంలో పాడవలసిన నలుగురిలో ఒకతె. పదకొండూ నలభై ఒకటి తర్వాత ఆమె ఎవరికీ కనిపించలేదు.

“ఏమోయ్ పాండెలీ, కదలకుండా నిలబడ్డావ్, జపం చేస్తున్నావా?”

ఆ మాటన్నది థ్రాసోస్ కాప్సిస్. పదకొండేళ్లు పోలీసు శాఖలో నా పక్క కుర్చీలో కూర్చుని, తర్వాత ఉద్యోగం వదిలేసి ఈ స్టూడియోలో భద్రతాధికారిగా చేరాడు. నాకంటే ముందు కేసు ముగించడం అతనికి అప్పట్నుంచీ సరదా.

“చక్కెర చూస్తున్నాను,” అన్నాను.

“చూడటమెందుకు, చెంచా తెప్పించనా?”

“దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?”

“కొవ్వొత్తి నేనే ఆర్పాను. సరిగ్గా పన్నెండూ అయిదుకి. పక్కనే విగ్గులు, పరదాలు. అంటుకుంటే ఆరేదా? మిగతాది పెట్టింది పెట్టినట్టే ఉంది.” అతను గొంతు తగ్గించాడు. “ఇందులో తేల్చడానికేం లేదోయ్. రిహార్సల్ అయ్యాక పిల్ల గదికొచ్చింది. తన పేరు మీద చావు పళ్లెం చూసింది. హడలిపోయి పారిపోయింది. పెట్టినవాణ్ణి పట్టుకో, భయం పోతుంది, పిల్ల తనంతట తానే వస్తుంది. ఇంకో పోటీదారు అభిమానులు నెల రోజులుగా ఇంటర్నెట్‌లో ఈ పిల్లని తిట్టిపోస్తున్నారు. పేర్లన్నీ రాసి పెట్టాను. ఒంటిగంట వార్తల్లో చెప్పేస్తున్నాం.”

“చెప్పరు.”

“అది ఛానెల్ ఇష్టం.”

“పిల్ల బతికి దొరికాక ఛానెల్ ఇష్టం. అప్పటిదాకా నాది. ఆ పేర్లలో ఒక్కటి బయటికొచ్చినా నువ్వు నాతో స్టేషనుకొస్తావు థ్రాసో. పాత కుర్చీలోనే కూర్చోబెడతాను, కాకపోతే బల్లకి అవతలి వైపు.”

అతను నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

కొవ్వొత్తిని మెల్లగా ఊడదీశాను. మా స్టేషను పక్క చర్చి గుమ్మంలో దొరికే రకమే. డ్యూటీ ఎక్కే ముందు వెలిగించడానికి కోటు జేబులో రెండు ఉంచుకోవడం నా అలవాటు. ఒకటి తీసి పక్కన పెట్టి కొలిచాను. మందం ఒకటే. పళ్లెంలోది మూడు వేళ్ల మేర తక్కువ. నా దాని మీద మూడు వేళ్ల దగ్గర గోటితో గీత పెట్టి, కాఫీ కప్పులో నిలబెట్టి వెలిగించాను. గడియారం చూసుకున్నాను. పన్నెండూ నలభై రెండు.

“మొదలెట్టాడ్రా పూజ,” అన్నాడు కాప్సిస్.

అది కాలుతుండగానే కార్యక్రమం నిర్మాత దనాయీ వెర్గోతి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో రెండు ఫోన్లు, వెనక ఒక మనిషి జున్ను పేస్ట్రీల పళ్లెంతో.

“తీసుకోండి, ఇన్‌స్పెక్టర్ గారూ. పొద్దుట్నుంచి ఏం తిన్నారో ఏమో.”

“క్రిస్మస్ ఉపవాసాలండీ. పాలు లేని కాఫీ ఉంటే చాలు.”

“పోలీసువాడికి ఉపవాసమేంటండీ,” అన్నాడు కాప్సిస్ ఆమెతో. “లంచం తినకపోతే చాలదూ?”

ఆమె పేస్ట్రీల మనిషిని సైగతో పంపేసింది.

“మేడమ్, ఆ పిల్ల దగ్గర ఫోన్ ఉందా?” అని అడిగాను.

“ఎవరి దగ్గరా ఉండదు. మొదటి రోజే తీసేసుకుంటాం. హోటలు, స్టూడియో, మళ్లీ హోటలు, అంతే. ఇంట్లోవాళ్లతో మాట్లాడేది శనివారం రాత్రి, ప్రసారంలోనే.”

“జనం ఏడవడానికా?”

“నియమమండీ అది.” ఆమె ముఖం ఎర్రబడింది. “సరే, ఏడుస్తారు కూడా. అసిమీనాకీ వాళ్ల నాయనమ్మకీ జరిగే ఆ రెండు నిమిషాలే మా కార్యక్రమంలో అందరూ ఎదురుచూసేవి. తల్లీతండ్రీ లేని పిల్ల. దక్షిణ కొసన మానీ ప్రాంతంలో కొండ మీద ఊరు, కావోపెత్రా. ముసలావిడే పెంచింది.”

“పొద్దున ఎలా ఉంది?”

“బావుంది. పదిన్నరకి రిహార్సల్. నాయనమ్మ నేర్పిన శోకం, చావింట పాడే పాట, పాడింది, సంగీతం లేకుండా, ఒట్టి గొంతుతో. కెమెరావాళ్లు కూడా టోపీలు తీశారు. మా మేకప్ స్టమాతా అయితే వెక్కుతూ బయటికెళ్లిపోయింది.”

ఆ పేరు మనసులో పెట్టుకున్నాను.

నడవాలో ఒక కెమెరా ఉంది. కాప్సిస్ ఆ దృశ్యాలు అక్కడే తన ట్యాబ్లెట్ మీద చూపించాడు. పదకొండూ నలభై ఒకటి: తలుపు తెరుచుకుంది. అసిమీనా బయటికొచ్చింది. రిహార్సల్ గౌను మీద తోలు జాకెట్టు వేసుకుంది. అటూ ఇటూ చూసి, ఎడమవైపు దాదాపు పరిగెత్తింది.

“చూశావా, పారిపోతోంది,” అన్నాడు కాప్సిస్.

“వెనక్కి తిప్పు. ముఖం దగ్గర ఆపు.”

ఆపాడు. తెర మసకగా ఉన్నా తెలుస్తోంది. పిల్ల నవ్వుతోంది. పుట్టినరోజు కానుక విప్పబోయే పిల్లలు అలా నవ్వుతారు. తన చావు పళ్లెం చూసి వచ్చిన ముఖం కాదది.

“భయంలో ముఖాలు అలాగే ఉంటాయ్,” అని కాప్సిస్ దృశ్యాన్ని వేగంగా ముందుకు తోయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. పదకొండూ యాభైకి నల్ల కోటులో ఒక స్త్రీ పెద్ద మేకప్ పెట్టె పట్టుకుని అదే గదిలోకి వెళ్లింది. రెండు చేతులతో, వొలికిపోయేదేదో మోస్తున్నట్టు పట్టుకుంది. పదకొండూ యాభై ఆరుకి బయటికొచ్చింది. ఇప్పుడు పెట్టె ఒక చేతిలో ఊగుతోంది.

“ఎవరీమె?”

“స్టమాతా. రోజుకి నలభైసార్లు తిరుగుతుంది ఈ గదుల్లో. ఆవిణ్ణి చూడటమేంటోయ్?”

“అందుకే నువ్వు చూడలేదు.”

కప్పులో మంట నా గోటి గీతను తాకింది. పన్నెండూ యాభై రెండు. పది నిమిషాలు. కాప్సిస్ ఆర్పింది పన్నెండూ అయిదుకి. అంటే వెలిగించింది పదకొండూ యాభై అయిదు ప్రాంతంలో. పిల్ల గది వదిలి అప్పటికి పద్నాలుగు నిమిషాలైంది.

“అసిమీనా ఈ పళ్లెం చూడనే లేదు థ్రాసో,” అన్నాను. “నీ కథకి కాళ్లు లేవు.”

అతను కప్పు వైపే చూస్తూ ఉండిపోయాడు. నన్ను ఎగతాళి చేయలేదు. అది నాకు ఇంకా వింతగా తోచింది.

*

మేకప్ గదిలో స్టమాతా ఒక్కతే ఉంది. యాభై దాటిన మనిషి, నల్ల బట్టలు, కడిగిన బ్రష్షులు తుడుస్తోంది. నేను తలుపు మూసి, వెళ్లి పక్కన కూర్చున్నాను.

“చిన్నప్పుడు మా అమ్మ కోలివా చేస్తుంటే నేనే సాయం పట్టేవాణ్ణి,” అన్నాను. “గోధుమలు ముందు రోజే ఉడికించాలి. రాత్రంతా గుడ్డ మీద ఆరాలి. వేయించిన పిండి పరవాలి. చక్కెర మాత్రం ఆఖర్న. ముందే వేస్తే కింది చెమ్మ పైకొచ్చి గంటన్నరలో మచ్చలు పడుతుంది. నేనొచ్చేసరికి ఆ పళ్లెం మీద ఒక్క మచ్చ లేదు. అంటే చక్కెర వేసింది ఈ భవనంలోనే, పదకొండు దాటాక. పైగా దాన్ని కాగితంతో అదమలేదు. మెత్తటి బ్రష్షుతో దిద్దారు. గీతలు కనబడుతున్నాయి.”

ఆమె తుడుస్తున్న బ్రష్షు కింద పెట్టింది. కుచ్చు మొదట్లో తెల్లటి పొడి ఇంకా ఉంది.

“నన్ను తీసుకెళ్లండి,” అంది.

“ఎందుకు బెదిరించావమ్మా ఆ పిల్లని?”

“బెదిరించడమా?” ఆమె లేచి నిలబడింది. “ఏం మాటలండీ అవి! దేవుడి పేరుతో వండిన గోధుమలతో ఎవరైనా బెదిరిస్తారా? మీరు బాప్తిస్మం పొందినవారేనా? నలభై రోజులు ఆ ఆత్మ తిరుగుతూనే ఉంది, ఎవరూ ఒక్క గింజ పెట్టలేదు, ఎవరూ పేరు చదివించలేదు. ఇవాళ్టితో నలభై నిండుతాయి. ఎవరో ఒకరు పెట్టద్దూ?”

“ఎవరి ఆత్మ?”

“అసిమీనా రూసూది.”

అద్దాల చుట్టూ ఉన్న బల్బులు చిన్నగా గుయ్యిమంటున్నాయి.

“పిల్లది కాదండీ,” అంది ఆమె. “వాళ్ల నాయనమ్మది. ఆవిడ పేరే కదా పిల్లకి పెట్టింది.”

మా ఊరి శ్మశానంలో నా పేరున్న సమాధి ఒకటుంది. పాండెలీస్ వ్రెత్తోస్. మా తాత. అక్షరాలు నేర్చుకున్న ఏడు దాన్ని చదివి, కొన్ని వారాలు ఆ దారిన నడవలేదు. మాలో ప్రతివాడూ తాత పేరో నాయనమ్మ పేరో మోస్తూ తిరిగేవాడే. అయినా ఈ భవనంలో ఇంతమందిమి ఆ రెండక్షరాలు చూసి పందొమ్మిదేళ్ల పిల్ల గురించే ఆలోచించాం. టీవీలో ఆ ముసలావిడకి పేరు లేదు. ఒట్టి నాయనమ్మ. పేరు లేని మనిషి చచ్చిపోయినా మాకు తెలియలేదు.

“నీకెలా తెలుసు?”

“నాదీ కావోపెత్రానే. మా అమ్మ చెప్పింది ఫోనులో. పిల్ల బాబాయ్ ఊరందరి చేతా ఒట్టు వేయించాడు, పోటీ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదని. నా చేత కూడా, ఫోనులోనే, పటం మీద చెయ్యి పెట్టించి. ఇవాళ పని మధ్యలో దగ్గర్లో చర్చికి తీసుకెళ్లి చదివిద్దామనే ఆ గోధుమలు తెచ్చాను. పొద్దున పిల్ల ఆ శోకం పాడింది. ఎవరి కోసం పాడుతోందో తనకే తెలియదు. నేను వింటూ నిలబడ్డాను.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నోటితో చెప్పనని ఒట్టు పెట్టాను. చేత్తో చెప్పనని పెట్టలేదు కదా. పళ్లెం చూస్తే తనకే అర్థమవుతుందనుకున్నాను. వెళ్లేసరికి గదిలో లేదు. స్నానానికి వెళ్లిందేమోనని పెట్టి, వెలిగించి వచ్చేశాను. చెప్పండి, పాపం చేశానా?”

“తెలియదమ్మా,” అన్నాను. నిజంగానే తెలియలేదు.

నడవాలోకి వచ్చి కావోపెత్రా ఫాదరు గారికి ఫోన్ చేశాను. పాపా అనర్గిరోస్ పెద్దాయన. గాలి హోరులో మాట్లాడాడు.

“మంగళవారం పోయింది నాయనా, ఇవాళ్టికి నలభై రోజులు. బుధవారం నా చేతులతోనే మట్టి వేశాను. ఆవిడ కొడుకు, పిల్ల బాబాయ్, కాళ్లు పట్టుకున్నాడు, పిల్ల గెలిచేదాకా ఆగమని. ఆగాను. మంచే చేశానో చెడే చేశానో ప్రతి రాత్రీ అడుగుతూనే ఉన్నాను, జవాబు రాలేదు.”

“మరి టీవీలో మాట్లాడుతుంటే మీ ఊళ్లో ఎవరూ వినలేదా?”

గాలి హోరు తగ్గింది, గోడ చాటుకి వెళ్లినట్టున్నాడు.

“విన్నాం. పూడ్చిన మూడో రోజు, శనివారం. కాఫీ కొట్లో అందరం లేచి నిలబడ్డాం. ఆడవాళ్లు సిలువ గీసుకున్నారు. టీవీవాళ్లు పాత మాటలే అతికించి వేస్తున్నారని వాళ్లబ్బాయి సర్దిచెప్పాడు. అప్పట్నుంచి ఆ రెండు నిమిషాలూ మా ఊళ్లో టీవీ ఆపేస్తాం. అది పాత మాటలే కదా, నాయనా?”

*

దనాయీ వెర్గోతిని ఆమె ఆఫీసులో కూర్చోబెట్టి, తలుపు వేసి, అదే ప్రశ్న అడిగాను. కాప్సిస్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“రికార్డా?” అంది ఆమె. “ఏం మాట్లాడుతున్నారు? నేరుగా వచ్చే కాల్ అది. పిల్ల అడిగినదానికల్లా ఆవిడ జవాబు చెబుతుంది. పోయినవారం పసుపు గౌను బాలేదని కూడా అంది. అది అప్పుడే, ఆ రాత్రే వేసుకున్న గౌను!”

“ఆవిడ చనిపోయి నలభై రోజులైంది మేడమ్.”

ఆమె చేతిలోని రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టేసింది, అవి కాలుతున్నట్టు.

“కాదు,” అంది. “ఎవరో అబద్ధం చెప్పారు మీకు.”

“పూడ్చినాయన చెప్పాడు. ఎనిమిది శనివారాలు ప్రసారం చేశారు. మొదటి మూడూ అసలావిడ. తర్వాతి అయిదు శనివారాలు ఎవరు మాట్లాడారు? నంబరు ఎవరిచ్చారు మీకు?”

ఆమె ఒక ఫోను మళ్లీ తీసి నంబర్లు వెతికింది. “నంబరు… మారింది. మధ్యలో ఒక శుక్రవారం ఆవిడే ఫోన్ చేసింది. పాత ఫోను పాడైంది తల్లీ, పక్కింటివాళ్లు కొత్తది ఇచ్చారు, రాసుకో అంది. రాసుకున్నాం. అదే గొంతు, అదే దగ్గు, మాట మధ్యలో అదే ‘నా చిలకా’ అనడం. అనుమానమెందుకొస్తుంది?”

“మొదటి మూడు శనివారాల మాటలూ దేశమంతా విన్నది. దగ్గుతో సహా నేర్చుకోవచ్చు.”

“అంత బాగానా?”

“ఒక్కటి నేర్చుకోలేదు.” నాకు మా ఇంట్లో పోయిన శనివారం గుర్తొచ్చింది. మా ఆవిడ ఎవాంథియా బట్టలు ఇస్త్రీ చేస్తూ ఆ కార్యక్రమం చూస్తోంది. ఫోనులో నాయనమ్మ, ‘ఆఖరి రోజున నేను నేర్పిన శోకం పాడు నా చిలకా’ అంది. ఎవాంథియా ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు తిరిగింది. ‘బతికున్న మానీ ముసలిది అలా అడుగుతుందా? మా అమ్మమ్మది ఆ ప్రాంతమే. ఇంట్లో శవం లేకుండా శోకం పాడితే చెంప పగలగొట్టేది. నేర్చుకోవాలన్నా ఊరవతల రాళ్లలోకెళ్లి నేర్చుకునేవాళ్లట’ అంది. టీవీవాళ్లు రాసిచ్చి ఉంటారులే అని నేను పేపరు తిప్పాను. పెళ్లాం చెప్పింది వినని రోజు నాకు ఏదో ఒక శిక్ష ఉంటుంది. ఇది చాలా పెద్దది.

“ఆ మాట మీరు రాసిచ్చారా మేడమ్?”

“లేదు. ఆవిడే అంది.”

“అయితే ఆవిడ మానీ మనిషి కాదు. పిల్ల పందొమ్మిదేళ్లది. పెద్దవాళ్లు చెబితే చేస్తుంది. నాయనమ్మ మనసు మార్చుకుందనుకుంది.” నేను కిటికీ వైపు తిరిగాను. “థ్రాసో, నడవాకి ఎడమ చివర ఏముంది?”

“పక్క తలుపు. వెనక వీధిలోకి.”

“తెరిచి ఉంటుందా?”

“కార్డు ఉండాలి.”

“పోటీదారుల దగ్గర కార్డు ఉంటుందా?”

అతను మెడలో వేలాడుతున్న కార్డుని చొక్కా లోపలికి తోశాడు.

“పదకొండూ నలభై రెండుకి ఆ తలుపు ఎవరి కార్డుతో తెరుచుకుంది? రికార్డు ఉంటుంది. నేను అడగనా, నువ్వు చెబుతావా?”

కాప్సిస్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి భుజాలు అలా కుంగడం ఒక్కసారే చూశాను, మొన్న వేసవిలో వాళ్లమ్మ శవపేటిక దగ్గర.

“నాదే,” అన్నాడు. “పదకొండూ ఇరవై అయిదుకి నా బల్ల మీదకి ఫోనొచ్చింది. ఆ ముసలావిడ. ఆరు గంటలు ప్రయాణం చేసొచ్చాను బాబూ, వెనక వీధిలో కారులో ఉన్నాను, మోకాళ్లు లేవట్లేదు, ఒక్క ముద్దు పెట్టి వెళ్లిపోతాను, పెద్దవాళ్లకి చెప్పకు అని ఏడ్చింది. మా అమ్మ చివరి రోజుల్లో నేను వేరే ఊళ్లో ఉన్నాను పాండెలీ. నీకు తెలుసు. ఫోనులో మా అమ్మ కూడా ఒక్కసారి రా అంది. నేను పనైపోయాక వస్తానన్నాను.” ముఖం తుడుచుకున్నాడు. “అయిదు నిమిషాలే కదా అనుకున్నాను. పిల్లకి చెవిలో చెప్పాను. గాల్లో నడిచొచ్చింది. తలుపు తీశాను.”

“కారులో ఉన్న మనిషిని చూశావా?”

“బూడిద రంగు కారు. ముందు తలుపు లోపల్నుంచే తెరుచుకుంది. స్టీరింగు వెనక నల్ల చేతి తొడుగు, నల్ల తలగుడ్డ. ముఖం లోపలికి తిరిగి ఉంది. పిల్ల ‘నాయనమ్మా’ అని అరిచి తల లోపల పెట్టింది. ఒక చెయ్యి వచ్చి జుట్టు నిమిరింది. అంతలో…” అతను ఆగాడు. “పిల్ల ఒక్క క్షణం బిగుసుకుపోయినట్టు అనిపించింది. సంతోషమనుకున్నాను. ఆ చెయ్యే లోపలికి లాగింది. తలుపు పడింది. కారు కదిలింది. మూల తిప్పుకుని వస్తారనుకుని నిలబడ్డాను. రాలేదు. వేరే దారిన వచ్చిందేమోనని పన్నెండూ అయిదుకి గదికి వెళ్లాను. అక్కడ ఆ పళ్లెం.”

“అది నీకు కలిసొచ్చింది.”

“అవును. కలిసొచ్చింది.” తలెత్తలేదు. “కొట్టాలనుంటే కొట్టు.”

“తర్వాత. కారు నంబరు?”

“చివరి రెండే గుర్తున్నాయి.”

ఆ రెండూ స్టేషనుకి చెప్పాను. కొత్త నంబరు ఎవరి పేర ఉందో, ఇప్పుడెక్కడ ఉందో చూడమన్నాను. ఒకటీ ఇరవై ఎనిమిది. నాయనమ్మని పూడ్చిన రెండు రోజులకే ఈ మనిషి కొత్త నంబరుతో ఫోన్ చేసింది. ఊరు దాటని చావు కబురు ఆమెకెలా చేరింది? ఎంతకాలంగా ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉంది? పిల్లకి ఇప్పటికైనా తెలిసి ఉంటుందా, తన జుట్టు నిమిరిన చెయ్యి ఎవరిదో? ప్రార్థించడానికి మాట దొరకలేదు. పేరు మాత్రం అన్నాను. అసిమీనా. ఏ అసిమీనా కోసం అంటున్నానో దేవుడు పోల్చుకుంటాడనుకున్నాను.

దనాయీ బల్ల మీద ఎర్ర ఫోను మోగింది.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. “శనివారం ఒకటిన్నర,” అంది గుసగుసగా. “లైను సరిగ్గా ఉందో లేదో చూడటానికి ప్రతివారం ఇదే టైముకి… ఆవిడే చేస్తుంది.”

స్పీకరు నొక్కి, నా సెల్‌లో ఉన్న స్టేషను లైనుని దానికి దగ్గరగా పెట్టాను. కాప్సిస్‌ని కదలొద్దని సైగ చేశాను.

“హలో,” అన్నాను.

దగ్గు. టీవీలో ఎనిమిది వారాలుగా విన్న దగ్గు.

“కాస్త మెల్లగా మాట్లాడండి బాబూ,” అంది ముసలి గొంతు. “పిల్ల పడుకుంది.”

దనాయీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఎవరమ్మా మీరు?”

“అదేంటి, ప్రతివారం మాట్లాడేదాన్నేగా. అసిమీనా నాయనమ్మని.”

“ఆవిడని పూడ్చేశారమ్మా.”

అవతల గాజు గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. అది ఆగలేదు.

“తెలుసు బాబూ,” అంది. “పాపం, ఆవిడ వెళ్లిపోయింది. వెళ్లిపోతే ఈ పిల్లకి ఎవరున్నారు? శనివారం ఫోనెత్తకపోతే ఎంత బెంగపడుతుంది? ఎవరో ఒకరు ఉండాలి కదా. నేనున్నాను. ఇవాళ నా ముఖం చూసి చాలా ఏడ్చింది. వద్దు వద్దంది. అలవాటైపోతుంది.”

“ఒకసారి తనని లేపమ్మా. ఒక్క మాట మాట్లాడతాను.”

“లేవదు.”

“ఎందుకని?”

“ఏడుపు ఆగట్లేదని మందిచ్చాను. నాకు నిద్రకిచ్చేవి.”

నా చేతిలో సెల్ అవతల, స్టేషనులో ఎవరో కాళ్ల చప్పుడుతో పరిగెత్తడం వినిపించింది. నా గొంతు ఇంట్లో మాట్లాడేటట్టే ఉండేలా చూసుకున్నాను.

“ఎన్నిచ్చావు తల్లీ?”

చెంచా ఆగింది. ఆ తర్వాత వచ్చిన గొంతులో దగ్గు లేదు, వణుకు లేదు, డెబ్భై ఏళ్ల బరువు లేదు. ఫోనులో ఉన్నది ఇంకా పాతికేళ్లు కూడా నిండని ఆడపిల్ల. నిజంగానే తెలియక అడుగుతోంది.

“సీసాలో ఉన్నవన్నీ ఇచ్చేశానండీ. ఎక్కువైపోయాయా?”